గద్దా కొంటున్నారా? ముందు ఇల్లు చూడండి, తర్వాత షాపు

షాదీ కుదిరిందంటే ఇంట్లో లిస్టు మొదలవుతుంది. పలంగ్, గద్దా, రెండు తకియాలు, నాలుగు చద్దర్లు, రెండు రజాయిలు. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా, దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి బజార్లలోనైనా ఈ లిస్టు దాదాపు ఒక్కటే. అందులో రాయనిది ఒకటుంది. ఆ పరుపు మీద ఎవరు పడుకుంటారు, ఏ గదిలో వేస్తారు, ఎండాకాలం ఎట్లా ఉంటుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు? ఈ లెక్క వేయకుండా కొన్న గద్దా చాలా ఇండ్లల్లో రెండు ఎండాకాలాలు దాటకముందే గోడకు ఆనుకుంటుంది. పడుకునేటోళ్లు మళ్లీ నులక మంచం మీదికో, కింద చాప మీదికో వస్తారు.

పరుపు చిన్న ఖర్చు కాదు. అమ్మాయి తండ్రి అప్పు చేసి కొనే వస్తువుల్లో అది కూడా ఒకటి. అడిగి తీసుకునే జహేజ్ 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద నేరం, ఆ మాట వేరే. ఇష్టంతో ఇచ్చేదైనా, సొంత ఇంటికి కొనుక్కునేదైనా, పెట్టిన పైసకు తగ్గ నిద్ర రావాలి. ఈ రెండు పాత జిల్లాల వాతావరణం, ఇండ్లు, పనివాళ్లను దృష్టిలో పెట్టుకుని ఏది ఎవరికి పనికొస్తుందో ఇక్కడ చూద్దాం.

మన ఎండ, మన ఇల్లు

నల్లగొండ, పాలమూరు రెండూ రాతి నేలలు, మెట్ట ప్రాంతాలు. మే నెలలో 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. పగలంతా కాగిన సిమెంటు స్లాబు రాత్రి పన్నెండైనా వేడి వదలదు. పైన ఫ్యాన్ తిరిగితే కిందికి వచ్చేది ఆ వేడి గాలే. అటువంటి గదిలో ఒంటికి అతుక్కునే పరుపు వేస్తే నిద్ర పట్టదు, వీపు చెమటతో తడుస్తుంది. డిసెంబర్, జనవరిలో మాత్రం తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. అంటే సంవత్సరంలో ఎక్కువ రోజులు గాలి ఆడే పడక కావాలి, కొన్ని వారాలు మాత్రం వెచ్చటి కప్పు కావాలి.

పాత ఇండ్లల్లో ఈ సంగతి తెలిసే మంచాలు అల్లుకున్నారు. నులక మంచం కింది నుంచి గాలి వస్తుంది. ఎండాకాలం వాకిట్లో వేసుకుంటే దానికి మించిన పడక లేదు. నవారు మంచం ఇంకా మెత్తగా ఉంటుంది, పట్టీ విప్పి ఉతుక్కోవచ్చు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టీ మంచాలు వచ్చాయి. నీళ్లకు పాడవవు కానీ ఎండలో వదిలేస్తే పట్టీ పెళుసై తెగుతుంది. ఏ మంచమైనా మధ్యలో గుంట పడితే బిగించుకోవాలి. ఊయల లాగా వేలాడే మంచం నడుముకు మంచిది కాదు.

పరుపు వేసుకునే పలంగ్‌కు కింద మూసిన ప్లైవుడ్ పెట్టె కంటే సందులున్న చెక్క పట్టీలు మేలు. మూసిన పెట్టె మీద దూది పరుపు వేస్తే చెమట తడి కిందికి దిగి అక్కడే నిలుస్తుంది, కొన్నాళ్లకు వాసన మొదలవుతుంది. సామాను దాచుకునేందుకు పెట్టె తప్పదనుకుంటే వారానికోసారి పరుపు ఎత్తి గాలి తగలనివ్వాలి.

దూది పరుపు, దూదేకుల పని

పరుపు మాట వచ్చినప్పుడు దూదేకుల మాట రాకుండా ఉండదు. తెలుగు మాట్లాడే ముస్లింలలో దూదేకులవారు పెద్ద వర్గం. ఒక్కో ప్రాంతంలో నూర్‌బాషా, లద్దాఫ్, పింజారి అని ఒక్కో పేరు. దూదేకుల అంటేనే దూదిని ఏకేవారు. లద్దాఫ్ అనే మాట వెనుక ఉన్న అరబీ పదం నద్దాఫ్‌కు కూడా అదే అర్థం. ఉత్తరాదిలో ఇదే పని చేసిన బిరాదరీ మన్సూరీ అని పిలుచుకుంటుంది. ప్రభుత్వ జాబితాలో దూదేకులవారు బీసీ-బీ కింద ఉన్నారు.

ఒకప్పుడు పెద్ద విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారు. వాకిట్లో కూర్చుని, విల్లు తాడును చెక్క గుదిబండతో మీటితే గట్టిపడ్డ దూది పోగు పోగు విడిపోయి పొంగేది. ఇప్పుడు విల్లు దాదాపు పోయింది, మోటారు మిషన్ వచ్చింది. పట్టణాల్లో చిన్న షాపులుంటాయి, కొందరు మిషన్‌ను బండి మీద పెట్టుకుని గల్లీలకే వస్తారు. ఫోమ్ పరుపులు పెరిగాక చాలా కుటుంబాలు ఈ పని వదిలి వేరే పనులకు పోయాయి. మిగిలిన వాళ్లకు పని దొరికేది పెండ్లిళ్ల సీజన్‌లోనే ఎక్కువ.

వీళ్ల పని నిలబడటం కొనేవాళ్లకు కూడా అవసరమే. దూది పరుపుకు ఉన్న అసలు లాభం దాన్ని విప్పి మళ్లీ చేయొచ్చు. రెండు మూడేండ్లు పడుకున్నాక దూది అణిగిపోతుంది, గడ్డలు కడుతుంది. అప్పుడు కుట్లు విప్పి, దూది బయటికి తీసి, మళ్లీ ఏకించి, కిలో రెండు కిలోల కొత్త దూది కలిపి, ఉతికిన గుడ్డలోనో కొత్త గుడ్డలోనో నింపి కుట్టిస్తే పరుపు దాదాపు కొత్తదవుతుంది. ఫోమ్‌లో గుంట పడితే ఈ దారి లేదు, పారేయడమే. ఏకేటోళ్లు ఊళ్లో లేకుండా పోతే దూది పరుపుకు కూడా ఆ గతే పడుతుంది.

ఒక జాగ్రత్త. దూది ఏకేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. ఏండ్ల తరబడి ఆ దుమ్ము పీల్చిన పనివాళ్లకు వచ్చే జబ్బుకు బిసినోసిస్ అని పేరే ఉంది. ఇంటి దగ్గర ఏకిస్తే బయట, గాలి పోయే చోట చేయించండి. పనివాళ్లు ముక్కుకు మాస్కు కట్టుకునేలా చూడండి. ఆ పూట దమ్ము, ఆయాసం ఉన్నవాళ్లను, చిన్నపిల్లలను దూరంగా ఉంచండి.

మంచి దూది ఎట్లా గుర్తుపట్టాలి

సింగిల్ పరుపుకు సుమారు 10 నుంచి 15 కిలోల దూది పడుతుంది. మెత్తకు కిలో నుంచి కిలోన్నర. ధర దూది రకాన్ని బట్టి చాలా మారుతుంది, మోసం జరిగేది కూడా అక్కడే. బజారులో మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది జిన్నింగ్ మిల్లు దూది. గింజ తీసిన అసలు పత్తి. తెల్లగా, కొంచెం మీగడ రంగులో ఉంటుంది, పట్టి లాగితే పోగు సాగి వస్తుంది. రెండోది స్పిన్నింగ్ మిల్లుల్లో మిగిలే పొట్టి పోగుల దూది. అది కూడా పత్తే కానీ త్వరగా అణుగుతుంది, తక్కువ ధరకు రావాలి. మూడోది బట్టల పీలికలు చింపి చేసినది. ఇందులో రంగురంగుల దారాలు కనిపిస్తాయి, పాలిస్టర్ కలిసి ఉంటుంది, బరువుగా ఉంటుంది, ఎండాకాలం వేడి చేస్తుంది. దీన్ని అసలు దూది ధరకు అమ్మితే మోసమే.

తేడా తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. చిటికెడు దూది తీసుకుని, పట్టకారుతో పట్టుకుని, బయట అగ్గిపుల్లతో అంటించండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి, ప్లాస్టిక్ వాసన వచ్చి, చివర గట్టి ముద్ద మిగులుతుంది. కుట్టి సిద్ధంగా పెట్టిన పరుపు కొంటుంటే ఒక మూల కుట్టు విప్పి చూపించమని అడగండి. అంతకంటే మంచిది, దూదిని కళ్ల ముందు తూకం వేయించి, ముందే నింపించుకోవడం.

పత్తి పండించే ఇండ్లకు ఇంకో దారి ఉంది. ఉమ్మడి నల్లగొండలో పత్తి పెద్ద పంట, పాలమూరు వైపు కూడా బాగా వేస్తారు. చేనులో తీసిన పత్తిలో బరువు ప్రకారం దాదాపు మూడో వంతే దూది, మిగతాది గింజ. అంటే 12 కిలోల దూదికి సుమారు 35 కిలోల పత్తి కావాలి. పెండ్లి ఉన్న ఏడాది మొదటి, రెండో తీతల్లో శుభ్రమైన పత్తి అంత పక్కన పెట్టుకుని గింజ తీయిస్తే దూది నాణ్యత మీద అనుమానమే ఉండదు. వానకు తడిసిన పత్తి మాత్రం పరుపుకు వాడొద్దు.

గుడ్డ విషయంలో కక్కుర్తి పడొద్దు. దగ్గర నేత ఉన్న మందపాటి కాటన్ గుడ్డే కావాలి. పలచటి గుడ్డలోంచి దూది పోగులు బయటికి వస్తాయి. పరుపును పైనుంచి కిందికి సూది దించి వేసే కుట్లు జానెడు దూరంలో ఉంటే దూది జరగదు. కుట్లు దూరమైతే ఆరు నెలల్లో దూది అంచులకు చేరి నడుమ ఖాళీ అవుతుంది.

బూరుగు దూది సంగతి వేరే. చెట్టు కాయల్లోంచి వచ్చే ఈ దూది చాలా తేలిక, నున్నగా ఉంటుంది. మెత్తలకు బాగుంటుంది. పరుపుకు వేస్తే కొన్నాళ్లకు పొడిలాగా నలుగుతుంది, పత్తి దూది లాగా మళ్లీ మళ్లీ ఏకించడం కుదరదు. ధర కూడా ఎక్కువ.

ఫోమ్, కొబ్బరి పీచు, స్ప్రింగ్

దూది పరుపు అందరికీ సరిపోదు. బరువుగా ఉంటుంది. కిరాయి ఇండ్లు మారేవాళ్లకు, ఒక్కరే మంచం సర్దుకునే ఆడవాళ్లకు ఎత్తి ఎండలో వేయడం కష్టం. అపార్ట్‌మెంట్‌లో ఎండ తగిలే చోటు లేకపోతే దూది పరుపును బాగా ఉంచుకోలేరు. అటువంటి ఇండ్లకు షాపు పరుపే దారి. అప్పుడు అడగాల్సింది బ్రాండ్ పేరు కంటే లోపల ఏముందని.

మామూలు ఫోమ్‌కు డెన్సిటీ అని ఒక అంకె ఉంటుంది. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోల బరువుందో చెప్పే లెక్క అది. 32 అంటే ఘనపు మీటరుకు 32 కిలోలు. అంకె పెరిగితే మన్నిక పెరుగుతుంది. గట్టిదనం వేరే విషయం. తక్కువ డెన్సిటీ ఫోమ్‌ను కూడా షాపులో కూర్చుంటే గట్టిగా అనిపించేలా చేయొచ్చు, రోజూ పడుకునేసరికి గుంట పడుతుంది. ఫోమ్ ముక్కలు అతికించి చేసే రీబాండెడ్ రకం గట్టిగా ఉంటుంది, డెన్సిటీ అంకె కూడా చాలా ఎక్కువ ఉంటుంది. ఆ అంకెను మామూలు ఫోమ్ అంకెతో పోల్చొద్దు. మెమరీ ఫోమ్ ఒంటి ఆకారానికి ఒదుగుతుంది, కానీ వేడి పట్టుకుంటుంది. ఏసీ లేని మన ఇండ్లల్లో ఎండాకాలం ఇబ్బందే.

కొబ్బరి పీచు పరుపులో గాలి కొంత ఆడుతుంది, గట్టిగా ఉంటుంది. నీళ్లు పడితే మాత్రం పీచు కుళ్లి వాసన వస్తుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త. స్ప్రింగ్ పరుపు లోపల ఖాళీ ఉంటుంది కాబట్టి చల్లగానే ఉంటుంది. నాసిరకంలో స్ప్రింగులు వంగి నడుమ గుంట పడుతుంది.

షాపులో చేత్తో నొక్కి చూడటం పరీక్ష కాదు. చెప్పులు విడిచి, పడుకునే వాళ్లే పది నిమిషాలు పడుకుని చూడాలి. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుము కింద చెయ్యి సులువుగా దూరిపోతే పరుపు మరీ గట్టిది. చెయ్యి దూరక, నడుము కిందికి దిగిపోతే మరీ మెత్తది. ఈ రెంటి మధ్యలో ఉన్నది మీది. ఇంటి దగ్గరే మంచం పొడవు వెడల్పు అంగుళాల్లో రాసుకుని పోండి. 72, 75, 78 అంగుళాల పొడవులన్నీ అమ్ముతారు. మూడంగుళాల తేడా వస్తే మంచానికి పరుపు సరిపోదు.

ఏడాది లెక్క

ధరలను ఒక్కసారి పెట్టే ఖర్చుగా కాకుండా ఏడాదికి ఎంత పడుతుందో చూస్తే నిజం తెలుస్తుంది. కింది అంకెలు బజారు ధరలు కావు, లెక్క అర్థం కావడానికి మాత్రమే. ఒక ఫోమ్ పరుపు 12,000 రూపాయలు, 8 ఏండ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 1,500. ఒక దూది పరుపు 6,000 రూపాయలు, మూడేండ్లకోసారి ఏకించి కుట్టించడానికి 1,200 అనుకుంటే, 12 ఏండ్లలో మూడుసార్లకు 3,600. మొత్తం 9,600, ఏడాదికి 800. మీ ఊరి ధరలు ఇందులో పెట్టి మీరే చూసుకోండి. ఏకించే మనిషి దగ్గర లేకపోయినా, ఎండకు వేసే ఓపిక లేకపోయినా దూది పరుపు 12 ఏండ్లు రాదు. అప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది.

పెద్దవాళ్లకు, ఫ్లోరైడ్ బాధితులకు

ఈ విషయంలో నల్లగొండ ఇండ్లు మిగతా చోట్లలాగా కాదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు, నారాయణపూర్ వైపు ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయినవాళ్లున్నారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని ఈ జిల్లా పేరే పెట్టారంటే సమస్య ఎంత పాతదో తెలుస్తుంది. ఇప్పుడు కృష్ణా నీళ్లు తాగుతున్నా, ముందే బిగిసిన ఎముకలు వెనక్కి రావు.

మెడ, నడుము వంగని మనిషికి కింద చాప మీద పడక పెద్ద శిక్ష. లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. అటువంటి వాళ్లకు ముందు చూడాల్సింది మంచం ఎత్తు. అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్లు ఇంచుమించు తుంటి ఎత్తులో ఉండాలి. పరుపు వేశాక ఉండే ఎత్తునే కొలవాలి. మంచం పొట్టిదైతే కాళ్ల కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టించొచ్చు. పక్కన గోడకు ఒక పట్టుకునే కడ్డీ వేయిస్తే తహజ్జుద్‌కో, సహరీకో లేచేటప్పుడు ఎవరినీ పిలవాల్సిన పని ఉండదు.

పరుపు కింద గట్టిగా, పైన రెండంగుళాలు మెత్తగా ఉంటే ఎముకలు ఒత్తుకోవు. వీపు వంగిపోయిన వాళ్లకు ఒక్క మెత్త చాలదు, తల వెనక్కి వేలాడకుండా ఎత్తు సరిచేసుకోవాలి. నొప్పి ఎక్కువుంటే పరుపు మార్చేముందు ఎముకల డాక్టరుకు చూపించాలి. ఏ పరుపూ జబ్బు తగ్గించదు. అట్లా చెప్పి ఎక్కువ ధరకు అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు.

మంచాన పడ్డవాళ్లకు ఇంకో ప్రమాదం, ఒత్తిడి పుండ్లు. తుంటి, మడమ, వీపు కింద చర్మం ఎర్రబడటంతో మొదలవుతుంది. గాలి మారుతూ ఉండే ఎయిర్ బెడ్ మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. అది ఉన్నా రెండు గంటలకోసారి పక్క మార్చడం, చద్దర్ ముడతలు లేకుండా పొడిగా ఉంచడం తప్పదు.

పసిపిల్లలకు మెత్తటి పరుపు వద్దు

బిడ్డ పుట్టిందంటే మెత్తటి గద్దా, చుట్టూ చిన్న దిండ్లు, తల గుండ్రంగా రావాలని ఆవాల తకియా పెట్టడం చాలా ఇండ్లల్లో రివాజు. పిల్లల డాక్టర్లు చెప్పేది దీనికి ఎదురు. ఏడాది లోపు బిడ్డను గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. తల కింద దిండు, పక్కన మెత్తటి బొమ్మలు, ముఖం మీదికి జారే రజాయి ఉండొద్దు. మెత్తటి వాటిలో ముక్కు కూరుకుపోతే పసిబిడ్డ తల తిప్పుకోలేదు. చలికి పలచటి బట్టలు ఒకదాని మీద ఒకటి వేయడం బరువైన కప్పు కంటే మేలు.

పగటి నిద్రకు కూడా దోమతెర కట్టండి. డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగలే.

చద్దర్, రజాయి, గొంగడి

ఒంటికి తగిలేది చద్దరే కాబట్టి, పరుపు సామాన్యంగా ఉన్నా చద్దర్ మంచి కాటన్ అయితే నిద్ర హాయిగా ఉంటుంది. ‘కాటన్ ఫీల్’, ‘గ్లేస్ కాటన్’ అని రాసిన చవక చద్దర్లలో చాలావరకు పాలిస్టరే. లేబుల్ మీద 100 శాతం కాటన్ అని ఉందో లేదో చూడండి. దారాల లెక్క 200 నుంచి 300 ఉంటే మన వాతావరణానికి చాలు. వేలల్లో చెప్పే అంకెలు అమ్మకం మాటలే. తడి తెల్ల రుమాలుతో రుద్దితే రంగు అంటుకునే చద్దర్ మొదటి ఉతుకుకే వెలుస్తుంది. కొత్త కాటన్ కొంచెం కుంచించుకుంటుంది కాబట్టి పరుపు అంచుల కింద మడవడానికి రెండు పక్కలా చాలినంత గుడ్డ మిగలాలి.

దగ్గర్లోనే మంచి సరుకు ఉంది. పాత నల్లగొండ జిల్లాలోని, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉన్న భూదాన్ పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. చౌటుప్పల్ పక్కన కొయ్యలగూడెం నేతన్నలు కాటన్ ఇక్కత్ చద్దర్లు నేస్తారు. నేసిన ఇక్కత్‌లో డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కొంచెం మసకగా కనిపిస్తాయి. అచ్చు వేసిన నకిలీలో వెనుక వైపు రంగు పలచగా ఉంటుంది. చేనేత గుర్తు లేబుల్ ఉందో చూసుకోండి. పెండ్లికి ఇచ్చే చద్దర్లలో ఒక్క జత ఇది పెట్టినా ఏండ్లకేండ్లు ఉంటుంది.

చలికి గొంగడిని మరిచిపోవద్దు. పాలమూరు వైపు కురుమలు దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసే గొంగడి చింతగింజల గంజితో గట్టిపడుతుంది. చినుకులను కొంతవరకు ఆపుతుంది, వేడిని నిలుపుతుంది. మొదట్లో గరుకుగా ఉంటుంది, వాడుతుంటే మెత్తబడుతుంది. కింద పలచటి చద్దర్ కప్పుకుని పైన వేసుకుంటే గుచ్చుకోదు. ఉన్ని లేని గొర్రెలు పెరగడంతో అసలు గొంగడి తక్కువవుతోంది. పాత కాటన్ చీరలతో కుట్టిన బొంత కూడా అంతే విలువైనది, ఉతికితే రెండు ఎండల్లో ఆరుతుంది.

పాకీ, ఎండ, నల్లులు

నమాజ్ ఉన్న ఇంట్లో పరుపు శుభ్రత పాకీతో కూడా ముడిపడి ఉంటుంది. దూది పరుపు ఒకసారి తడిస్తే లోపలి దాకా కడగలేము. చిన్నపిల్లలు, మంచాన ఉన్న పెద్దలు ఉన్న ఇంట్లో చద్దర్ కింద నీళ్లు దిగని షీటు వేయడమే సులువు. పూర్తి ప్లాస్టిక్ చెమట పట్టిస్తుంది. పైన గుడ్డ, కింద రబ్బర్ పూత ఉన్నది తీసుకుని మెత్తకు కూడా లోపల ఒకటి, పైన ఒకటి రెండు గిలాఫ్‌లు తొడగండి. గిలాఫ్‌లు, చద్దర్లు వారానికోసారి వేడి నీళ్లలో ఉతకాలి. రాత్రి పడుకునే ముందు బిస్తర్ దులపడం సున్నత్, తేలు, జెర్రి తిరిగే మన రాతి నేలల్లో ప్రాణానికి కూడా మంచిది.

దూది పరుపును నెలకోసారి పొద్దున్నే ఎండలో వేసి, మధ్యాహ్నం తిప్పి, కర్రతో కొట్టి, మంచు పడకముందే లోపలికి తేవాలి. ఫోమ్‌ను మాత్రం నేరుగా ఎండలో పెట్టొద్దు, పసుపెక్కి పెళుసవుతుంది. నీడలో గాలికి నిలబెడితే చాలు.

నల్లులు దాదాపు 50 డిగ్రీల వేడికి చస్తాయి. ఉతికే బట్టలను బాగా వేడి నీళ్లలో నానబెట్టండి, మంచం సందుల్లో, నులక ముడుల్లో మరిగే నీళ్లు పోయండి. పరుపు కుట్ల అంచుల్లో వెతకండి. రైతుల ఇండ్లల్లో జరిగే పెద్ద తప్పు ఒకటుంది. పత్తి చేనుకు కొట్టే మందు మిగిలితే పరుపు మీద, మంచం మీద చల్లుతారు. రాత్రంతా దాన్ని పీల్చేది పిల్లలే. అది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. పాత పరుపు చవకగా దొరికిందని ఇంటికి తెచ్చే ముందు కూడా కుట్లు, మూలలు బాగా చూడండి.

బిల్లు, ఈఎంఐ, ఫిర్యాదు

బిల్లు లేకుండా కొంటే వారంటీ ఉత్తమాటే. బిల్లు మీద పరుపు రకం, సైజు, మందం, ఫోమ్ అయితే డెన్సిటీ రాయించుకోండి. వారంటీ కార్డులో ‘ఎన్ని అంగుళాల గుంట పడితే మారుస్తారు’ అని ఉంటుంది, అది చదవండి. మరకలు పడితే, కవరు విప్పితే వారంటీ పోతుందని చాలా కంపెనీలు రాస్తాయి. ఆన్‌లైన్‌లో ‘100 రాత్రుల ట్రయల్’ అంటే తిరిగి తీసుకుపోయే ఖర్చు ఎవరిదో, మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో ముందే చూసుకోండి.

వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు ‘నో కాస్ట్ ఈఎంఐ’ గురించి తెలుసుకోవాలి. అందులో వడ్డీ లేదని కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవారు ధరలో తగ్గిస్తారు. స్టేట్‌మెంట్‌లో వడ్డీ గీత కనిపిస్తుంది, దాని మీద జీఎస్టీ, కొన్నిసార్లు ప్రాసెసింగ్ ఫీజు కొనేవారే కట్టాలి. దూది పరుపు కుట్టే చిన్న షాపువాళ్లలో తెలిసినవాళ్లుంటే రెండు మూడు విడతల్లో ఇస్తామని అడిగి చూడండి.

సరుకు నాసిరకమైతే ముందు షాపుకు రాతపూర్వకంగా చెప్పండి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం రెండేండ్ల లోపు ఫిర్యాదు చేయాలి. 5 లక్షల లోపు కొన్న సరుకుకు ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

షాపుకు పోయే ముందు

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. పడుకునేది ఎవరు, వయసెంత, నడుము నొప్పి ఉందా. గదిలో గాలి ఎట్లా ఉంటుంది. పరుపును ఎండకు వేసే చోటు, ఎత్తే మనిషి ఉన్నారా. దూది ఏకేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారు. మంచం కొలత ఎంత. ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత దూది పరుపును ఏకిస్తే సరిపోతుందా.

చివరి ప్రశ్నకు ముందు జవాబు వెతకండి. అటక మీద నానమ్మ కాలం నాటి పరుపు ఉంటే, లోపల దూది ఎక్కువసార్లు అసలు పత్తే. విప్పి చూసి, తడి, వాసన లేకపోతే ఏకించండి. ఇంట్లో పెండ్లి ఉంటే అమ్మాయికి, అబ్బాయికి కలిసి కావాల్సిన పరుపులో సగం దూది అందులోంచే వస్తుంది. మిగిలిన పైసలు పెద్దవాళ్ల మంచం సరిచేయించడానికో, కొత్త ఇంటికి రెండు జతల మంచి చద్దర్లకో పనికొస్తాయి.